వెబ్ పేజీల డేటాను డేటాబేస్‌లోకి ఎక్కించడం: అపోహలు - వాస్తవాలు

అగ్‌మార్క్‌నెట్‌లో (వ్యవసాయ మార్కెట్ల ధరలు చూపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్) రోజూ వచ్చే మార్కెట్ ధరల పట్టికనే తీసుకుందాం. జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, క్వింటాలుకు కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువ సరుకు అమ్ముడైన) ధరలు. చూడ్డానికి ఒకటే పట్టిక. దాన్ని జిల్లాలు, మార్కెట్లు, సరుకులు, రకాలు, ధరలు అనే టేబుళ్లుగా విడదీసి కలపడంలోనే కష్టమంతా ఉంది.

అపోహ: డేటా లాగేశాక మిగిలేది ఇన్‌సర్ట్ (డేటాబేస్‌లో రికార్డు చేర్చే ఆదేశం) కొట్టడమే.

వాస్తవం: వరుస తప్పితే ఏదీ ఎక్కదు. ముందు జిల్లా, తర్వాత మార్కెట్, వాటి ఐడీలు చేతికొచ్చాకే ధర. నేనైతే మొదట అంతా ఒక స్టేజింగ్ (తాత్కాలిక) టేబుల్లో ఉన్నదున్నట్టు పోసి, అక్కడి నుంచే పంచుతాను. తెచ్చిన హెచ్‌టీఎంఎల్ కూడా దాచండి, పార్సర్‌లో (పేజీలోంచి డేటా విడదీసే ప్రోగ్రామ్) లోపం బయటపడితే మళ్లీ సైట్ మీద పడక్కర్లేదు.

అపోహ: పేరు ఒకటే అయితే రికార్డు ఒకటే.

వాస్తవం: ఎక్కువ చెత్త పోగయ్యేది ఇక్కడే. ఒక పేజీలో కడప, ఇంకో పాత పేజీలో కడ్డపా. తెలుగు పేజీలైతే ఇంకా జాగ్రత్త. 'నిజామాబాద్' చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనపడని అక్షరం ఉంటే డేటాబేస్‌కు అది వేరే ఊరు. 'హైదరాబాద్'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక కోడ్‌తోనూ రాయొచ్చు, రెండు కోడ్‌లతోనూ రాయొచ్చు. ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (యూనికోడ్ రాతను ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి) ఈ రెండింటినీ ఒకటి చేస్తుంది గానీ ఆ నాన్ జాయినర్‌ను తీసేయదు, దాన్ని మీరే తీయాలి. నాన్ బ్రేకింగ్ స్పేస్ (మామూలు ఖాళీలా కనిపించే వేరే అక్షరం) కూడా చివరి ఖాళీలు తీసేసే ఎస్‌క్యూఎల్ ట్రిమ్‌కు లొంగదు. ఇంత శుభ్రం చేశాక కూడా కలవని పేరుకు వెంటనే కొత్త రికార్డు పుట్టించకండి. పక్కన పెట్టి, మనిషి చూసి మారుపేర్ల టేబుల్లో చేర్చాలి.

అపోహ: మార్కెట్ టేబుల్లో జిల్లా ఐడీ ఉంటే చాలు.

వాస్తవం: మదనపల్లె టమాటా మార్కెట్ 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. పాత ధరలను జిల్లాల వారీగా చూడాలంటే ఏ మార్కెట్ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఏ జిల్లాలో ఉందో తేదీలతో వేరే టేబుల్ కావాలి.

అపోహ: యూనిక్ కీ (ఒకే వివరాలతో రెండో రికార్డు చేరకుండా ఆపే నియమం) పెట్టాం, స్క్రిప్ట్ ఎన్నిసార్లు నడిపినా డూప్లికేట్లు రావు.

వాస్తవం: కీలో ఉన్న 'రకం' నల్ (ఖాళీ విలువ) అయితే వస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లోనూ, మైఎస్‌క్యూఎల్‌లోనూ (రెండూ డేటాబేస్ సాఫ్ట్‌వేర్లే) ఒక నల్ ఇంకో నల్‌తో సమానం కాదు. పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ నుంచి నల్స్ నాట్ డిస్టింక్ట్ అని పెట్టుకోవచ్చు, అప్పుడు నల్స్ సమానమవుతాయి. లేదా రకాల టేబుల్లో 'ఇవ్వలేదు' అని ఒక రికార్డు ఉంచండి.

అపోహ: ఫారిన్ కీ (ఇచ్చిన ఐడీ వేరే టేబుల్లో ఉందో లేదో చూసే తనిఖీ) ఉంది కాబట్టి టెన్షన్ లేదు.

వాస్తవం: ఎస్‌క్యూలైట్‌లో (ఇదీ ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేరే) మామూలుగా ఆ తనిఖీ ఆఫ్‌లో ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లో ఆన్ చేయాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్‌సర్ట్ ఇగ్నోర్ వాడితే, తేడా ఉన్న రికార్డు చేరకుండానే ఒక వార్నింగ్‌తో జారిపోతుంది.

అపోహ: ధర ఖాళీగా ఉంటే సున్నా వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇది అస్సలు చేయొద్దు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా, ఇప్పుడే అమ్మాలా అని చూసుకునే రైతుకు ఆ సున్నాలు కలిసిన సగటు ధర పడిపోయినట్టు కనిపిస్తుంది. సరుకు రాని రోజును నల్‌గానే వదిలేయండి.