టమాటా ఎప్పుడు వేయాలి?

పొద్దున్నే నానబోసిన శనగలు, నాలుగు టమాటాలు, ఒక ఉల్లిపాయ, కాస్త ఉప్పు. అన్నీ ఒకే గిన్నెలో పడేసి స్టవ్ మీద పెట్టాను. రాత్రి ఎనిమిదైంది, ఆకలి దంచేస్తోంది. ఒక్క గిన్నె, ఒక్క గరిటె, కడిగే సామాను కూడా తక్కువే అని లోలోపల సంబరం. గంట తర్వాత మూత తీస్తే పులుసు ఘుమఘుమలాడుతోంది కానీ శనగలు గులకరాళ్లలా ఉన్నాయి. ఇంకో అరగంట ఆగాను. ఊహూఁ. చివరికి శనగలు పక్కకు ఏరేసి, మిగిలిన పులుసు తిని పడుకున్నాను.

శనగలు పాతవేమో, నీళ్లు మంచివి కావేమో అని రకరకాల అనుమానాలు వచ్చాయి. అసలు కారణం టమాటా. పాపం దాన్ని అనడానికీ లేదు, దాని పని అది చేసింది. వేయకూడని టైములో వేసింది నేను.

గింజ అయినా దుంప అయినా, అందులోని కణాలన్నిటినీ పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. ఇటుకల మధ్య సిమెంటు లాంటిది. వేడి నీళ్లలో ఈ పెక్టిన్ గొలుసులు మెల్లగా తెగి కరిగిపోతాయి, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. మనం 'మెత్తగా ఉడికింది' అనేది దీన్నే. నీళ్లలో పులుపు ఉంటే ఆ తెగడం బాగా నెమ్మదిస్తుంది. పులుపు ఎంతుందో చెప్పే కొలత పీహెచ్. నీళ్లది 7 దగ్గర ఉంటే, చాలా రకాల టమాటాలది 4.2 నుంచి 4.6 మధ్య ఉంటుంది. ఈ సంఖ్య ఒక్కటి తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు లెక్క. అంటే ఆ రాత్రి నా శనగలు గంటన్నర సేపు, మెత్తబడకుండా కాపలా కాసే ద్రవంలో ఈదాయన్నమాట. బీన్స్, పప్పులు, బంగాళాదుంప, ఉల్లిపాయ, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ముందు అవి ఉడకాలి, తర్వాతే టమాటా.

ఇదే గుణం ఒక్కోసారి అక్కరకొస్తుంది కూడా. బంగాళాదుంప ముక్కలు చిదిమిపోకుండా ముక్కలుగానే ఉండాలంటే, అవి ముప్పాతిక వంతు ఉడికాక టమాటా వేసేయండి. ఆ పైన ఎంతసేపు మరిగినా అంత సులువుగా చెదరవు. డబ్బాల్లో వచ్చే తరిగిన టమాటా ముక్కలు ఎంత ఉడికించినా గుజ్జు కాకపోవడం గమనించారా? వాటిలో చాలావాటికి ముక్క గట్టిగా ఉండాలని కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. కాల్షియం పెక్టిన్ గొలుసులను ఒకదానికొకటి ముడేస్తుంది. చిక్కటి సాస్ కావాలంటే ఆ ముక్కల డబ్బా కాకుండా, తొక్క తీసి, కోయకుండా అలాగే పెట్టిన టమాటాల డబ్బా కొని చేత్తో నలుపుకోవడం మేలు.

ఇక మూకుట్లోకి తొంగి చూద్దాం. పండిన టమాటాలో నీరు 94, 95 శాతం దాకా ఉంటుంది. నూనెలో వేగిన ఉల్లిపాయల మీద తరిగిన టమాటా పడగానే చుయ్‌మంటుంది, ఆ చప్పుడు వెంటనే చల్లారిపోతుంది. ముక్కల్లోంచి నీళ్లు బయటికి వస్తాయి. చిటికెడు ఉప్పు వేస్తే ఇంకా తొందరగా వస్తాయి. ఇక అక్కణ్ణుంచి మంట ఎంత పెంచినా లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పంపిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పది నిమిషాలకు బుడగల తీరు మారుతుంది. మొదట్లో చిన్నచిన్నగా గబగబా వచ్చినవి, తర్వాత పెద్దవై నింపాదిగా వచ్చి టప్‌మని పగిలి స్టవ్ చుట్టూ చిందులు వేస్తాయి. గుజ్జు చిక్కబడింది, ఆవిరికి దారి దొరకడం లేదని అర్థం. ఇక్కడ సెగ తగ్గించాలి.

ఆ తర్వాత గరిటెతో పక్కకు నెడితే అంచుల్లో నూనె కనిపిస్తుంది. వంట నేర్పేవాళ్లు 'నూనె తేలేదాకా వేయించు' అంటారు కదా, అదో నికార్సయిన థర్మామీటర్. నీళ్లు దండిగా ఉన్నంతసేపు నూనె చిన్నచిన్న బొట్లుగా గుజ్జులో కలిసి దాక్కుంటుంది. నీరు చాలావరకు పోయాకే విడివడి పైకొస్తుంది. నీరు పోయిందంటే వేడి 100 డిగ్రీలు దాటడానికి అడ్డు తొలగినట్టే. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి కొత్త వాసనలు పుట్టించడం అప్పుడే జోరందుకుంటుంది. రంగు ఎరుపు నుంచి ఇటుక రంగుకి తిరుగుతుంది, పచ్చివాసన పోతుంది. ఇది దాటి రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉంటే అడుగంటుతుంది. ఫోన్ చూడటానికి ఇది మంచి సమయం కాదు.

చిక్కదనం విషయంలో ఇంకో చిన్న కిటుకు ఉంది. టమాటాను కోసినా, మిక్సీలో తిప్పినా దానిలోని ఎంజైములు అక్కడికక్కడే పెక్టిన్‌ను కత్తిరించడం మొదలుపెడతాయి. గుజ్జు కొట్టి పక్కన పెడితే కాసేపటికి పలుచబడి, నీళ్లు ఒకపక్క, గుజ్జు ఒకపక్క అవుతుంది. కొట్టిన వెంటనే బాగా వేడి చేస్తే ఆ ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, గుజ్జు చిక్కగా నిలుస్తుంది. ఫ్యాక్టరీల్లో దీన్ని హాట్ బ్రేక్ అంటారు. దాదాపు 90 డిగ్రీలకు ఒక్కసారిగా తీసుకెళ్తారు. మన వంటింట్లో దీని అర్థం ఒకటే, టమాటా ముందుగా కోసి పెట్టుకోవద్దు. ఉల్లిపాయ వేగాక కోసి అటునుంచటే వేసేయండి.

కోసేటప్పుడు కొందరు గింజలు, వాటి చుట్టూ ఉండే జిగురు తీసి పారేస్తారు. నీళ్లగా ఉంటుందని, చూడటానికి బాగుండదని. నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది. టమాటా రుచిలో సగం అక్కడే ఉంది మరి. పులుపు, తీపి కాకుండా టమాటాలో నోరూరించే ఇంకో రుచి ఉంది. దానికి కారణం గ్లుటామేట్. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో ఒక సముద్రపు నాచులోంచి దీన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు, హెస్టన్ బ్లూమెంథాల్ అనే వంటగాడితో కలిసి చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, టమాటా కండలో కంటే గింజల చుట్టూ ఉన్న గుజ్జులోనే గ్లుటామేట్ ఎక్కువగా ఉందని తేలింది. ఒక వంటగాడి నాలుక లేవనెత్తిన ప్రశ్నకు ల్యాబ్ జవాబు చెప్పిన సందర్భం అది, అందుకే నాకు ఇష్టం. ఈ రుచి దండిగా ఉన్న కూరలో ఉప్పు కాస్త తగ్గినా నాలుక అంతగా పట్టించుకోదు. రక్తపోటు ఉన్నవాళ్లున్న ఇంట్లో ఇది పనికొచ్చే సంగతి.

ఇప్పుడు ఆరోగ్యం మాట. టమాటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్. ప్లాస్టిక్ డబ్బాలో టమాటా కూర పెడితే ఎంత కడిగినా ఒక నారింజ మరక వదలదు చూడండి, అది ఇదే. లైకోపీన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే ప్లాస్టిక్‌ను కూడా అంటిపెట్టుకుంటుంది. కారం వేయకుండా వండినప్పుడు మూకుడు అంచున తేలిన నూనె రంగు చూడండి. బంగారు రంగు నూనె కాస్తా నారింజ అయి ఉంటుంది. లైకోపీన్ టమాటాలోంచి నూనెలోకి దిగడం కంటికి కనబడుతుంది.

పచ్చి టమాటాలో ఇది కణాల గోడల వెనక బందీగా ఉంటుంది. వండితే గోడలు పగులుతాయి. అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ప్రయోగంలో టమాటాలను 88 డిగ్రీల దగ్గర 2, 15, 30 నిమిషాల పాటు వేడి చేశారు. 15 నిమిషాలకు వాటిలోంచి రాబట్టగలిగిన ప్రధాన రకం లైకోపీన్, పచ్చిదాంతో పోలిస్తే 2.7 రెట్లయింది. ఇంకో పావుగంట వేడి చేసినా అంతకంటే పెరగలేదు. కానీ విటమిన్ సి మాత్రం 30 నిమిషాలకు 29 శాతం పోయింది. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. గంటల తరబడి ఉడికించిన సాస్‌కి రుచి ఉండొచ్చు, పోషకాల లెక్కలో మాత్రం పావుగంటకే చాలావరకు పని అయిపోయింది. రాత్రి తొందరగా వంట ముగించాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి వార్త ఉండదు.

నూనె లేకుండా వండితే మాత్రం ఆ విడుదలైన లైకోపీన్ ఒంటికి పట్టేది తక్కువ. 2005లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరికి తరిగిన టమాటాల మిశ్రమాన్ని ఉత్తగా ఒకసారి, అవకాడో కలిపి ఒకసారి పెట్టారు. కొవ్వు ఉన్న అవకాడో తోడైనప్పుడు లైకోపీన్ 4.4 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది. ఒకటి రెండు చెంచాల నూనె చాలు, మూకుడు నింపక్కర్లేదు.

అయితే ఇక్కడే ఒక మాట. టమాటా తింటే క్యాన్సర్ రాదు అని ఫార్వర్డ్ అయ్యే మెసేజ్‌లు మీకూ వచ్చే ఉంటాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2005లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసింది. లైకోపీన్ వల్ల క్యాన్సర్ ముప్పు తగ్గుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదనీ, టమాటా తినడం గురించైతే కొన్ని క్యాన్సర్ల విషయంలో చాలా పరిమితమైన ఆధారమే ఉందనీ తేల్చింది. 100 గ్రాముల టమాటాలో కేవలం 18 కేలరీలు, 14 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ఉంటాయి. రాత్రి భోజనానికి ఆ గొప్ప చాలదా? మందుగా మార్చడం దేనికి?

పోయిన విటమిన్ సి సంగతికి నా జవాబు, టమాటాను రెండుసార్లు వేయడం. ముప్పాతిక భాగం నూనెలో మగ్గనిచ్చి, మిగిలిన పావు భాగం స్టవ్ ఆపేశాక పచ్చిగా కలపడం. దీనికి వాసన కారణం కూడా ఉంది. టమాటాను కోసిన క్షణంలో పుట్టే ఆ పచ్చి గడ్డి లాంటి తాజా వాసన, కణాలు తెగినప్పుడు ఎంజైములు అప్పటికప్పుడు తయారుచేసేది. మరిగిస్తే ఎగిరిపోతుంది. చివర్లో వేసిన గుప్పెడు ముక్కలు దాన్ని తిరిగి తెస్తాయి. పప్పుధాన్యాల్లోని ఇనుమును పేగులు పీల్చుకోవడానికి అదే భోజనంలో విటమిన్ సి ఉండటం బాగా సాయపడుతుంది కాబట్టి, శనగల కూరకు ఈ పచ్చి ముక్కలు మరీ మేలు.

ఆ వాసన ఉండాలంటే టమాటా ఫ్రిజ్‌లో వారాలు గడిపి ఉండకూడదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపించినదాని ప్రకారం, 5 డిగ్రీల దగ్గర వారం ఉంచితే వాసన పదార్థాలను తయారుచేసే జన్యువులు నీరసిస్తాయి. తర్వాత ఒకరోజు బయట పెట్టినా పూర్తిగా కోలుకోవు. తీపి, పులుపు మాత్రం మారలేదు. అంటే ఫ్రిజ్ టమాటా ఉడికించడానికి పరవాలేదు. చివర్లో పచ్చిగా వేసేది బయట బుట్టలోది అయితే బాగుంటుంది.

పాలు, క్రీము కలిపే వంటల్లో జాగ్రత్త. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ సరిగ్గా 4.6 పీహెచ్ దగ్గర గడ్డకడుతుంది, టమాటా పులుపు కూడా అక్కడే ఉంటుంది. అందుకే విరుగుతుంది. పాలకంటే చిక్కటి క్రీము నయం, అదీ స్టవ్ ఆపాక. పులుపు ఎక్కువైందని పంచదార వేస్తే నాలుకకే తేడా, ఆమ్లం అలాగే ఉంటుంది. చిటికెడు వంటసోడా వేస్తే బుసబుసా పొంగి ఆమ్లం నిజంగానే తగ్గుతుంది, కానీ చిటికెడు దాటితే సబ్బు రుచి.

ఇనప మూకుట్లో వండితే ఆ పులుపు కొంత ఇనుమును కరిగించి కూరలో కలుపుతుంది. 1986లో జరిగిన ఒక పరిశోధనలో, ఇనప పాత్రలో వండాక 100 గ్రాముల టమాటా సాస్‌లో ఇనుము 0.6 నుంచి దాదాపు 5.8 మిల్లీగ్రాములకు పెరిగింది. రక్తహీనత ఉన్నవాళ్లకు మంచిదే. వండాక మాత్రం వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి, లేదంటే రుచి లోహం లోహంగా ఉంటుంది. ఛాతీలో మంట వచ్చేవాళ్లు పడుకోవడానికి మూడు గంటల ముందే తినడం, కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు టమాటా గురించి డాక్టర్ని అడగడం మంచిది. ముఖ్యంగా చిక్కటి టమాటా పేస్ట్‌లో ఆ పొటాషియమంతా కుదించుకుని ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో శనగలు ఒక స్టవ్ మీద విడిగా ఉడుకుతాయి. అవి వేళ్ల మధ్య నలిగాకే రెండో పక్క ఉల్లిపాయ వేయిస్తాను, అప్పుడే టమాటా కోస్తాను. పావుగంటలో నూనె తేలుతుంది, శనగలు అందులో పడతాయి, ఐదు నిమిషాలు కలిసి మరుగుతాయి. స్టవ్ ఆపి, బుట్టలోంచి ఇంకో టమాటా తీస్తాను. రెండు గిన్నెలు కడగాల్సి వస్తోంది.