వలకు కన్నాలెందుకు?

చిన్నా, బుజ్జీ,

మొన్న ఫోన్‌లో బుజ్జి ఒక ప్రశ్న వేసింది. "పెదనాన్నకు యాభై ఏళ్ళొచ్చాయి కదా తాతయ్యా, ఇప్పుడు ఆఫీసు మానేసి చేపల వేట నేర్చుకుంటున్నాడు. రోజూ ఖాళీ వలే వస్తే ఏం చేస్తాడు?" అంది. పక్కనుంచి చిన్నా "అందరూ నవ్వుతారు" అన్నాడు. మీ నాన్నకూ ఇదే టెన్షన్, కాకపోతే వాడు పైకి అడగడు. అందుకే ముగ్గురికీ కలిపి రాస్తున్నాను.

వలలో దారం కంటే కన్నాలే ఎక్కువ. ఎప్పుడైనా గమనించారా? ఇల్లు కట్టేచోట మేస్త్రీ జల్లెడ ఏటవాలుగా నిలబెట్టి, పారతో ఇసుక విసురుతుంటాడు. సన్నటిది అవతల పడుతుంది, రాళ్ళు ఇవతల దొర్లుతాయి. వల అంటే నీళ్ళలో నిలబెట్టిన జల్లెడ. నీళ్ళు పోవాలి. పిల్ల చేపలు పోవాలి, అవి పోతేనే పెరిగి గుడ్లు పెడతాయి. పెద్దవి మాత్రం ఆగాలి. మేస్త్రీకి పనికొచ్చేది జారిపోయేది, జాలరికి పనికొచ్చేది ఆగిపోయేది కదా అని చిన్నా అడ్డుపడతాడు. పడనీ. నాకు కావలసింది జల్లెడ.

కన్ను మరీ చిన్నదిగా అల్లితే ఏమవుతుందో తెలుసా? చెత్తా చెదారం, నాచు, వేలెడంత పిల్లలు, అన్నీ ఆగుతాయి. చివరికి నీళ్ళు కూడా సరిగా పోవు. వల బరువెక్కి, లాగేవాడి నడుము విరుగుతుంది. భయాల సంగతీ అంతే. పెదనాన్న ఆపి పట్టుకోవలసిన పెద్ద భయాలు కొన్ని ఉన్నాయి. మబ్బు రంగు మారడం, గాలి తిరగడం, తడిసిన చెక్క మీద కాలు జారడం, తాడు కాలికి చుట్టుకోవడం. ఇవి జారిపోకూడదు. లైఫ్ జాకెట్ వేసుకోకుండా పడవెక్కేవాణ్ణి ధైర్యవంతుడని నేను ఒప్పుకోను. ఇక ఎవరో నవ్వుతారన్న భయం, కుర్రాళ్ళ ముందు చిన్నబోతానన్న భయం ఉన్నాయి చూశారూ, అవి వేలెడంత పిల్లలు. వాటినీ ఆపుకుంటూ కూర్చుంటే వల లేవదు.

మొదటిసారి సముద్రం మీదికి వెళ్ళినప్పుడు మీ పెదనాన్న కడుపులో ఏమీ నిలవలేదట. అది పిరికితనం కాదు. చెవి లోపల ఒళ్ళు ఊగుతోందో లేదో చెప్పే ఏర్పాటు ఒకటుంటుంది. అది "ఊగుతున్నాం" అంటుంది, పడవ అడుగున చూస్తున్న కళ్ళేమో "కదలడం లేదు" అంటాయి. రెంటికీ మధ్య మెదడు తికమకపడుతుంది. తలెత్తి, ఆకాశం నీళ్ళను తాకే గీతను చూస్తూ ఉంటే తగాదా కాస్త సర్దుకుంటుంది. చాలామందికి కొద్ది రోజుల్లో అలవాటవుతుంది.

వయసు తెచ్చే ఇబ్బందులు లేవని నేను అబద్ధం చెప్పను. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరివి మసకబారతాయి, గాలపు కంటిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు వెతుక్కోవాలి. ఉప్పునీటికి వేళ్ళు పగిలితే కుర్రాళ్ళకు మానినంత త్వరగా మానవు. నిద్ర తక్కువైతే మర్నాడు ఒళ్ళు మాట వినదు. చేపల వేట ప్రమాదకరమైన పనుల్లో ఒకటి కాబట్టే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో జాలర్ల పని గురించి ఒక ఒప్పందం రాసింది. పనికి మామూలుగా కనీస వయసు 16 అని అందులో ఉంది. ఇంతకు మించి ముసలివాళ్ళు రాకూడదు అని మాత్రం లేదు. మూడు రోజులకు మించి సముద్రం మీద ఉండే పడవల్లో ప్రతి 24 గంటల్లో కనీసం 10 గంటలు విశ్రాంతి ఇవ్వాలనీ, పనికి సరిపోతాడని డాక్టరు కాగితం ఉండాలనీ ఉంది. అంటే అడగవలసింది పుట్టినరోజు కాదు, చూపు ఎలా ఉంది, చెవులు వింటున్నాయా, ఒళ్ళు తట్టుకుంటుందా అని. పెదనాన్న పరీక్షలన్నీ చేయించుకున్నాకే వెళ్ళాడు.

నా చిన్నప్పుడు ఏటి ఒడ్డున ఒకాయన ఉండేవాడు. తల నెరిశాక విసురువల నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పిల్లలమంతా ఆయన్ని వల మామయ్య అనేవాళ్ళం. తాడు కొసన ఉన్న ఉచ్చును ఎడమ మణికట్టుకు తగిలించేవాడు. వలను మడతలుగా చేతిలోకి తీసుకుని, ఒక పాయ మోచేతి మీద వేసుకుని, నడుము తిప్పి విసిరేవాడు. సరిగ్గా విసిరితే అంచున ఉన్న సీసపు గుళ్ళు బయటికి పరిగెత్తి వల గాలిలో గుండ్రంగా విచ్చుకోవాలి. ఆయనది ముద్దగా పడేది, అదీ నీళ్ళలో కాదు, ఎండిన ఇసుక మీద. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వి, "సరే, ఎటువైపు విచ్చుకోలేదో చెప్పండిరా" అని అడిగేవాడు. మేం చూపిస్తే చేతి మడత మార్చేవాడు. నవ్వేవాళ్ళను పనిలో పెట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇరవై ఏళ్ళ కుర్రాడైతే ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడేవాడు.

ఇక ఖాళీ వల సంగతి. చేపకు రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక సన్నటి గీత ఉంటుంది, నీటిలో చిన్న కదలికను కూడా దాంతో పసిగడుతుంది. నీటి వేడి కాస్త మారినా, ప్రవాహం తిరిగినా గుంపుకు గుంపే పక్కకు పోతుంది. అందుకే ఏళ్ళ తరబడి వేటాడిన సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, వేసిన వల కూడా ఖాళీగా లేస్తుంది. చాలా పడవల్లో జీతాలుండవు. డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలినదాన్ని వాటాలు వేసుకుంటారు, మిగలకపోతే వాటా లేదు. పెదనాన్న ఇది తెలిసే, ఇంటి ఖర్చుకు కొంత పక్కన పెట్టి, సొంత పడవ కొనకుండా, పాత సరంగు చేతికింద చేరాడు. ఓడిపోతే ఎంత పోతుందో ముందే లెక్క చూసుకున్నవాడికి రాత్రి నిద్ర పడుతుంది. ఖాళీ రోజున కూడా నోట్‌బుక్‌లో నీళ్ళ రంగు, గాలి వైపు, పోటా పాటా (అంటే సముద్రం ఎక్కుతోందా, తగ్గుతోందా) అన్నీ రాసుకుంటాడు. జల్లెడలో ఆ రోజు ఆగింది అదన్నమాట. (ఈ జల్లెడను ఇక వదిలేయమని మీ నాయనమ్మ అంటోంది.)

పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పున్నమికి బాగా ఎక్కుతుంది. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉండి ఇంత సముద్రాన్ని ఎలా లాగుతాడో మీ సైన్సు మాష్టారు చెబుతారు. నేను చెప్పబోతే ప్రతిసారీ మధ్యలో ఆగి ఆశ్చర్యపోతుంటాను, లెక్క ముందుకు సాగదు.

మీ ఇంట్లో అటక మీద పెదనాన్న పాత వల ఉంది. నాన్నను అడిగి దింపించుకోండి. ఒక కన్ను తీసుకుని, ఎదురెదురు ముడులు పట్టుకుని సాగదీసి, స్కేలుతో కొలవండి. తర్వాత గోళీ, నిమ్మకాయ, టెన్నిస్ బంతి ఒక్కొక్కటే వేసి ఏది ఆగిందో, ఏది జారిందో రాసి పెదనాన్నకు పంపండి. చిరిగినచోట మాత్రం దారం లాగకండి. అది ఆయన బాగుచేస్తూ సగంలో ఆపిన చోటు. ముడి విప్పారంటే మళ్ళీ మీతోనే వేయిస్తాడు.

మీ తాతయ్య