దూరానికే పన్ను కడుతున్న సీమ ప్రయాణికుడు

బస్సు రూట్ల గొడవలో ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయిన చరిత్ర మన కర్నూలు జిల్లాకు ఉంది. 1964 ఫిబ్రవరిలో నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఆయన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, ఆ తర్వాత 1977లో రాష్ట్రపతి అయ్యారు. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను ఆర్టీసీకి అప్పగించే పథకాల మీద బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జిల్లాల వరుస మార్చి కర్నూలును ముందుకు తెచ్చారని, అందులోనూ పశ్చిమ భాగాన్నే ఎంచుకున్నారని, అక్కడి యజమానుల్లో ముఖ్యమంత్రి రాజకీయ ప్రత్యర్థులు ఉండటమే దానికి కారణమని వాళ్ల ఆరోపణ. ఆరోపణ ముఖ్యమంత్రి మీదైతే, జవాబు అధికారులు చెప్పారు. ఆయన స్వయంగా కోర్టులో ప్రమాణపత్రం (అఫిడవిట్) వేయలేదు. కోర్టు ఆ పథకాలను కొట్టేసింది, ఆయన పదవి వదిలేశారు.

బస్సు ఛార్జీల మీద ఈరోజు జనంలో ఉన్న కోపం గురించి రాస్తూ అరవై ఏళ్ల కిందటి కేసు ఎత్తడానికి కారణం ఉంది. బస్సు ఎవరు నడపాలి అన్న దాని మీద మన దగ్గర కోర్టులు, ఎన్నికలు, సమ్మెలు అన్నీ జరిగాయి. ఎక్కినవాడు ఎంత కట్టాలి, ఆ లెక్క ఎవరు వేస్తారు, ఎవరి ముందు వేస్తారు అన్నది మాత్రం ఎప్పుడూ ప్రయాణికుడి దాకా రాలేదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. కర్నూలు దగ్గర తుంగభద్ర అవతలి ఒడ్డున అలంపురం నిజాం రాజ్యంలో ఉండేది. ఇవతలి ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ ఒడ్డున 1932 నుంచే నిజాం ప్రభుత్వం రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో సొంతంగా నడపడం మొదలుపెట్టింది. ఈ ఒడ్డున అంతా ప్రైవేటు యజమానులే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచిన బస్సుల కథలు మా తాతల తరం చెప్పేవి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956లో ఆ హోదా పోయింది. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టాక ప్రభుత్వ బస్సు మొదట కృష్ణా జిల్లా వైపు వెళ్లింది. సీమకు దశలవారీగా, ఆలస్యంగా, పైన చెప్పిన గొడవల మధ్య వచ్చింది. మా చిన్నాయన ఇప్పటికీ ఆర్టీసీ బస్సును 'గవర్నమెంటు బస్సు' అనే అంటాడు. ఆ మాటలో ఒక నమ్మకం ఉంది. యజమాని ఇష్టం వచ్చినట్టు కాకుండా, జనం ఉన్నా లేకున్నా, ఆ టైముకు వచ్చే బస్సు అని.

ఆర్టీసీకి పునాది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. అందులో మూడు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదివితే గొడవ మూలం తెలుస్తుంది. 18వ సెక్షన్ జనానికి సరిపడా, తక్కువ ఖర్చులో, సమన్వయంతో రవాణా ఇవ్వాలంటుంది. 22వ సెక్షన్ సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. 30వ సెక్షన్ లాభం వస్తే ఏం చేయాలో చెబుతుంది: సంస్థ విస్తరణకు, సిబ్బంది, ప్రయాణికుల సౌకర్యాలకు పోగా మిగిలింది రోడ్ల అభివృద్ధికి ప్రభుత్వానికి ఇవ్వాలి. అంటే లాభం వచ్చినా అది ప్రయాణికుడికి టికెట్ తగ్గింపుగా తిరిగి రావాలన్న మాట ఆ లెక్కలో లేదు. నష్టం వస్తే మాత్రం ఛార్జీ పెంపుగా నేరుగా అతని జేబుకే వస్తుంది. నా బాధంతా ఈ ఒకవైపు దారి మీదే.

ఆర్టీసీ చేసిన మేలును తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. 1999లో ప్రపంచంలోనే ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ రికార్డులకెక్కింది. మా వైపు ఎంతోమంది ఆడపిల్లలు కాలేజీ మెట్లు ఎక్కింది పల్లెవెలుగు బస్సు పాసుతోనే. బస్సు రాని ఊర్లో చదువు పదో తరగతితో ఆగిపోయేది. పాసుల రాయితీ డబ్బు ప్రభుత్వం సకాలంలో ఇవ్వకపోతే ఆ భారమూ సంస్థ మీదే పడేది.

అసలు దెబ్బ డీజిల్ దగ్గర తగిలింది. 2013 జనవరిలో కేంద్రం హోల్‌సేల్‌గా కొనేవాళ్లకు సబ్సిడీ తీసేసింది. బంకులో లారీకి ఒక ధర, డిపోలో ఆర్టీసీకి అంతకన్నా లీటరుకు దాదాపు 10 రూపాయలు ఎక్కువ. ప్రజల బస్సుకు ఎక్కువ ధర పెట్టడం ఏ రకంగా చూసినా అన్యాయమే. ఉమ్మడి రాష్ట్రంలో 2012 సెప్టెంబర్‌లో ఒకసారి, 2013 నవంబర్‌లో మరోసారి ఛార్జీలు పెరిగాయి. రాష్ట్రం విడిపోయాక 2015 అక్టోబర్‌లో, ఆ తర్వాత 2019 డిసెంబర్ 11 నుంచి. ఈ చివరిదానిలో పల్లెవెలుగుకు కిలోమీటరుకు 10 పైసలు, ఎక్స్‌ప్రెస్‌కు 20 పైసలు పెంచారు. ప్రతిసారీ చెప్పిన మాట నష్టాలు, అప్పులు. ఆ అప్పులు నిజమే, కాదనను.

2020 జనవరి 1న లెక్క మారింది. 50 వేలకు పైగా ఉన్న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేశారు. సంస్థకు అతిపెద్ద ఖర్చుల్లో ఒకటైన జీతాల బాధ్యతను ప్రభుత్వం తీసుకుంది. డిపోల్లో స్వీట్లు పంచుకున్న రోజది. ఇక ఛార్జీల టెన్షన్ కొంతకాలం ఉండదని మేమంతా అనుకున్నాం. మధ్యలో కరోనా వచ్చి బస్సులు ఆగిపోయాయి. 2022 మార్చిలో హోల్‌సేల్ డీజిల్ ధర ఒకేసారి లీటరుకు దాదాపు 25 రూపాయలు పెరిగింది. ఆర్టీసీ బస్సులు డిపో పంపు వదిలి రోడ్డు పక్క బంకుల్లో క్యూ కట్టాయి. 2022 ఏప్రిల్ 14 నుంచి డీజిల్ సెస్సు, అంటే డీజిల్ పేరుతో టికెట్టు మీద అదనపు వసూలు, వచ్చింది: పల్లెవెలుగులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5, పై తరగతి బస్సుల్లో 10. పల్లెవెలుగులో కనీస టికెట్ 10 రూపాయలైంది. చిల్లర సమస్య అని ఒక కారణం చెప్పారు. చిల్లర లేకపోతే పైకే ఎందుకు సర్దాలి, కిందికి ఎందుకు సర్దకూడదు?

ఆ తర్వాత జరిగింది మరీ ముఖ్యం. 2022 మే 21న కేంద్రం డీజిల్ మీద ఎక్సైజ్ సుంకం లీటరుకు 6 రూపాయలు తగ్గించింది. సెస్సు డీజిల్ కోసమే అయితే అది తగ్గాలి. జులై 1న మళ్లీ పెరిగింది, అదీ ఈసారి దూరాన్ని బట్టి. పల్లెవెలుగులో మొదటి 30 కిలోమీటర్లకు పెంపు లేదు, అక్కడి నుంచి దూరం పెరిగేకొద్దీ సెస్సు పెరుగుతుంది. విశాఖపట్నం, విజయవాడ నగరాల్లో సిటీ ఆర్డినరీ బస్సులను పెంపు నుంచి వదిలేశారు.

కాగితం మీద చూస్తే ఇది పేదవాడిని కాపాడే ఏర్పాటులాగే ఉంటుంది. తక్కువ దూరం వెళ్లేవాడికి భారం లేదు కదా అనిపిస్తుంది. సీమ పటం ముందు పెట్టుకుని చూడండి. ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు. హొళగుంద మనిషి ముందు ఆదోని చేరాలి, ఆ తర్వాత ఈ 100. పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా, కలెక్టరు దగ్గర అర్జీ ఇవ్వాలన్నా ఇంతే. హిందూపురం వాళ్లు 2022లో జిల్లా విడిపోయేదాకా కలెక్టరాఫీసు కోసం 100 కిలోమీటర్లు దాటి అనంతపురం వెళ్లారు. అనంతపురం అప్పుడు రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా. వాన తక్కువ, ఊర్లు దూరందూరం. డెల్టాలో పది కిలోమీటర్లు పోతే ఒక టౌను తగులుతుంది, అక్కడే ఆసుపత్రి, కాలేజీ, మార్కెట్టు. మా వైపు 30 కిలోమీటర్ల రాయితీ గీత ఊరికీ టౌనుకీ మధ్య ఏ కంది చేను దగ్గరో అయిపోతుంది. ఎక్కువ దూరం పోయేవాడు ఎక్కువ ఉన్నవాడు కాదు. మా దగ్గర ఎక్కువ దూరం పోయేవాడు తన ఊర్లో ఏమీ లేనివాడు. కోసిగి, పెద్దకడుబూరు, ఆలూరు వైపు నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరుకు, కట్టడం పనులకు బెంగళూరుకు పోయే కుటుంబాలను చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నలుగురికి బస్సు టికెట్లు లెక్కేసుకుని, అది మించి పోతుందని బొలేరోల్లో సామానుతో పాటు కుక్కుకుని వెళతారు. ఆ బండ్లు బోల్తా పడినప్పుడు ఓవర్‌లోడ్ అని వార్త వస్తుంది. వాళ్లు బస్సు ఎందుకు ఎక్కలేదన్నది ఆ వార్తలో ఉండదు.

అప్పట్లో వామపక్షాలు, తెలుగుదేశం బస్టాండ్ల దగ్గర నిరసనలు చేశాయి. 2024లో ప్రభుత్వం మారింది. మా రూట్లో టికెట్ తగ్గిన రోజును మాత్రం నేను చూడలేదు.

ఇదంతా ప్రభుత్వ బస్సు సంగతి. రెండో సగం ప్రైవేటు ట్రావెల్స్‌ది. లాభాల మాట అసలు అక్కడ ఎత్తాలి.

చట్టంలో రెండు రకాల బస్సులున్నాయి. స్టేజీ క్యారేజీ అంటే దారి పొడవునా జనాన్ని ఎక్కించుకుని దించుతూ టికెట్టు కొట్టే బస్సు. కాంట్రాక్టు క్యారేజీ అంటే ఒక బృందం కలిసి మాట్లాడుకున్న బస్సు, పెళ్లి బస్సులాగా. మధ్యలో ఎవరినీ ఎక్కించకూడదు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం, బెంగళూరు హైవే మీద రాత్రిళ్లు పోయే స్లీపర్ బస్సుల్లో చాలావాటికి ఉన్నది ఈ రెండో రకం పర్మిట్టే. చేసేది మొదటి రకం పని. ఆర్టీసీ టికెట్టు పెంచాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఈ బస్సులకు ఆ అడ్డే లేదు. పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర. మొన్న పండక్కి బెంగళూరు నుంచి కర్నూలుకు మామూలు రోజుకు మూడింతలు కట్టి వచ్చాను. తెల్లవారుజామున బైపాస్ మీద దించేసి పోయారు. బస్టాండు దాకా ఆటోకు మళ్లీ వేరే. ఇంట్లో అమ్మ ఎదురుచూస్తుందని తెలిసినవాడు బేరం ఆడలేడు, ఆ సంగతి అమ్మేవాడికి బాగా తెలుసు.

ఇదే రోడ్డు మీద 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు స్లీపర్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు తనిఖీలు జోరుగా సాగాయి. బయటి రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు, అత్యవసర ద్వారాలు, సీటును బెర్తుగా మార్చడం అన్నీ చర్చకొచ్చాయి. రావాలి కూడా. పండగ రోజున అంత డబ్బు తీసుకుని ఇస్తున్నది ఈ భద్రతేనా అని అడిగినవాళ్లు తక్కువ.

ప్రైవేటు ఛార్జీ మీద ప్రభుత్వానికి అధికారం లేదన్న మాట తరచుగా వింటాం. అది నిజం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం స్టేజీ క్యారేజీలకే కాదు, కాంట్రాక్టు క్యారేజీలకూ ఛార్జీల గరిష్ఠ, కనిష్ఠ పరిమితులు నిర్ణయించే విషయంలో రాష్ట్ర ప్రభుత్వం ఆదేశాలివ్వవచ్చు. మహారాష్ట్ర 2018లో ఆ పని చేసింది. అక్కడి ప్రభుత్వ బస్సు ఛార్జీకి ఒకటిన్నర రెట్లు దాటి ప్రైవేటు బస్సులు వసూలు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అమలు ఎంత కష్టమైనా, ఫిర్యాదు చేయడానికి ప్రయాణికుడి చేతిలో ఒక అంకె ఉంది. మన ప్రయాణికుడి చేతిలో అదీ లేదు. మన ఆర్టీసీ కూడా చాలా ఏళ్లు పండగ స్పెషల్ బస్సుల్లో ఒకటిన్నర రెట్లు వసూలు చేసింది. 2022 దసరాకు మామూలు ఛార్జీకే స్పెషల్స్ నడిపింది. అది మంచి నిర్ణయం, చెప్పుకోవాలి.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర పల్లెల నుంచి వచ్చిన అక్కలు సున్నా టికెట్లు కొంగున ముడేసుకుని కూర్చోవడం చూసి నాకు నిజంగా సంతోషం వేసింది. అయితే అంతర్రాష్ట్ర బస్సులకు పథకం వర్తించదు. ఆలూరు, హాలహర్వి వాళ్లకు దగ్గరి పట్నం బళ్లారి. హిందూపురం వాళ్లకు బెంగళూరు. కాన్పుకైనా, కూలికైనా అటే పోతారు. కర్నాటక 2023లో పెట్టిన శక్తి పథకం అక్కడి ఆడవాళ్లకే. సరిహద్దు పల్లె ఆడమనిషి రెండు రాష్ట్రాల ఉచిత బస్సుల మధ్య నిలబడి పూర్తి టికెట్టు కొంటోంది.

చివరిగా ఒక పోలిక. కరెంటు ఛార్జీ పెంచాలంటే డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ముందు తమ ఖర్చులు, రాబడి, అంచనాలు అన్నీ రాసి విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. వాటిని ప్రకటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి. 2003 విద్యుత్ చట్టం రాసిన పద్ధతి అది. రైతు సంఘమైనా, మామూలు మనిషైనా లేచి ఆ లెక్క తప్పని వాదించవచ్చు. ఆ మండలి కార్యాలయం 2023లో కర్నూలుకే వచ్చింది. ఆర్టీసీ ఛార్జీకి ఇలాంటి మెట్టు ఏదీ లేదు. ఒక సాయంత్రం ప్రకటన, మర్నాడు కండక్టరు చేతిలోని మిషన్‌లో కొత్త అంకె. తిట్లు పడేదీ ఆ కండక్టరుకే, పాపం.

డీజిల్ సెస్సు పేరుతో ఎంత వసూలైంది, డీజిల్‌కు ఎంత పోయింది అన్నది డిపోలవారీగా బోర్డు మీద రాయాలి. పెంచే ముందు ఆదోనిలో, హిందూపురంలో, ప్రొద్దుటూరులో జనం ముందు కూర్చుని ఆ లెక్క చెప్పాలి. కిలోమీటరు లెక్క వేసేటప్పుడు ఊరికీ ఆసుపత్రికీ ఎంత దూరమో కూడా చూడాలి. మా ఊరి నుంచి కరెంటు ఛార్జీల విచారణకు కర్నూలు వెళ్లిన రైతులు యూనిట్ లెక్క మీద గట్టిగా మాట్లాడి వచ్చారు. పోను రాను బస్సుకు అయింది వాళ్ల ఒకరోజు కూలిలో పెద్ద భాగం. దాని మీద మాట్లాడటానికి మాత్రం వాళ్లకు ఏ గదీ చూపించలేదు.