గుడ్లే కోడిని కూర్చోబెడతాయి

సంక్రాంతి అయ్యాక మా పెద్దమ్మ వాళ్ల నల్ల కోడిపెట్ట రోజూ పొద్దున్న ఓ గంటసేపు ఎటో పోయి వచ్చేది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఫిబ్రవరి వచ్చేసరికి రాత్రి గూటికి రావడం కూడా మానేసింది. వాళ్లది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర చిన్న ఊరు, ఇంటి వెనక కొబ్బరిచెట్లు, అవి దాటితే జీడితోట. "కుక్కే పట్టుకుపోనాదో, ముంగిసే ఎత్తుకుపోనాదో" అని పెద్దమ్మ ఆశ వదిలేసుకుంది. నాలుగో రోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నా, ఈకలన్నీ ఉబ్బించుకుని క్లుక్ క్లుక్ మంటూ పరిగెత్తుకొచ్చింది, ముద్దంత రెట్ట వేసింది, గబగబా నూకలు తిని నీళ్లు తాగి బూడిదలో రెండు పొర్లు పొర్లి వచ్చిన దారినే వెళ్లిపోయింది. "ఇది పొదుగు మీదున్నాదిరా, ఎనకాలే ఎల్లి సూడు" అంది పెద్దమ్మ.

వెళ్లి చూస్తే, కొమ్మలు నేలకి ఆనేంత కిందకి వాలిన జీడిచెట్టు కింద ఎండాకుల మధ్య పళ్లెం లోతు గుంట చేసుకుని కూర్చునుంది. నల్లపెట్ట, గోధుమరంగు ఆకులు, పైన నీడ, రెండడుగుల దూరంలో నిల్చున్నా ముందు నాకు కనబడలేదు. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే బుర్రుమని ఉబ్బి ఒక్క పోటు పొడిచింది. మెల్లగా పక్కకి ఎత్తి లెక్కపెడితే 11 గుడ్లు.

ఆ 11 గుడ్లూ ఒక్కరోజున పెట్టినవి కావు కదా, రోజుకి ఒకటి చొప్పున, మధ్యలో ఒకటి రెండు రోజులు ఖాళీ పోయిందనుకున్నా దాదాపు రెండు వారాల పని. మరి మొదటి గుడ్డులోని పిల్ల ముందు, చివరి గుడ్డులోది రెండు వారాల తర్వాత రావాలి. కానీ పిల్లలన్నీ ఒకటి రెండు రోజుల్లోనే బయటికొస్తాయి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా కదా, ఇందులో వింతేముందని ఎప్పుడూ ఆగి ఆలోచించలేదు.

గుడ్డు పెట్టేసరికే లోపల పిండం మొదలైపోయి ఉంటుంది, కోడి కడుపులో ఉన్న ఆ ఒక్కరోజులోనే ఒక కణం చీలి చీలి వేల కణాలవుతుంది. బయట పడి చల్లారగానే అక్కడే ఆగిపోతుంది. చచ్చిపోదు, నిద్రపోతుంది అనొచ్చు. సుమారు 20 డిగ్రీల కింద ఎదుగుదల పూర్తిగా ఆగిపోతుంది, 27 దాకా కూడా చాలా నెమ్మదే. మాఘమాసం చలి, జీడిచెట్టు నీడ, కింద ఆకులు, ఆ గుడ్లు అలా పడుకుని ఉండడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. పెట్ట రోజూ వచ్చి ఒక గుడ్డు పెట్టి లేచిపోతుంది, లెక్క నిండాకే గట్టిగా కూర్చుంటుంది, అప్పుడు అన్నిటికీ ఒకేసారి 21 రోజుల గడియారం మొదలవుతుంది. అదే మే నెలలో అయితే నీడలోనే 35 దాటుతుంది, తల్లి కూర్చోకముందే గుడ్డు సగం వేడికి సగం సగం ఎదగడం మొదలెట్టి బలం లేక చచ్చిపోతుంది. ఎండాకాలం గుడ్లు ఎక్కువ మురిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

సరే, లెక్క నిండిందని దానికి ఎలా తెలుస్తుంది? నాకు బాగా నచ్చిన విషయం ఇదే. గుడ్లు పొట్టకి తగులుతుంటే ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకి వెళ్తుంది, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ వదుల్తుంది. మన ఆడవాళ్లలో పాలు పడేలా చేసేది కూడా ఈ హార్మోనే. 1935లో అమెరికాలో ఆస్కార్ రిడిల్ అనే శాస్త్రవేత్త బృందం ప్రొలాక్టిన్ ఇంజెక్షన్ ఇచ్చి కోళ్లని పొదుగు మీద కూర్చోబెట్టి చూపించింది. ప్రొలాక్టిన్ పెరిగేకొద్దీ గుడ్లు పెట్టడం ఆగిపోతుంది, ఆకలి తగ్గుతుంది, పొట్ట కింద ఈకలు రాలి చర్మం బోడి అయి రక్తనాళాలతో ఎర్రగా వెచ్చగా తయారవుతుంది. బోడి చర్మానికి గుడ్డు ఇంకా బాగా తగుల్తుంది, తగిలేకొద్దీ ప్రొలాక్టిన్ ఇంకా పెరుగుతుంది. అంటే కోడి గుడ్లని పొదుగుతోంది అంటాం గానీ గుడ్లు కూడా కోడిని పట్టి కూర్చోబెడుతున్నాయి.

వైట్ లెగ్‌హార్న్ లాంటి గుడ్ల జాతుల్లో ఈ గుణాన్ని తరాల తరబడి ఏరి తీసేశారు, పొదుగు మీదున్న కోడి గుడ్డు పెట్టదు కాబట్టి. మన నాటుకోడికి ఇంకా ఉంది, తూర్పు కనుమల్లో తిరిగే ఎర్ర అడవికోడి నేలమీద ఆకుల్లో గుంట చేసుకుని చేసే పనే ఇదీ చేస్తోంది. పొదుగు మాన్పించడానికి కోడిని నీళ్లలో ముంచుతారు కొందరు, పాపం అది చూడలేను, గుడ్లకి దూరంగా అడుగునుంచి గాలాడే చోట నాలుగైదు రోజులుంచితే ఆ స్పర్శ లేక దానంతటదే దిగిపోతుంది కదా.

దాన్ని ఇంట్లోకి మార్చేద్దామా అనడిగితే పెద్దమ్మ వద్దంది, మారిస్తే లేచిపోవచ్చని. చుట్టూ రేగుకంప వేసి కోడి పట్టేంత సందు వదిలింది, దగ్గర్లో ఒక చిప్పలో నీళ్లు, ఇంకో చిప్పలో చోళ్లు, అంటే రాగులు, పెట్టింది. అంతే మేం చేసిన సాయం. వారం పోయాక ఓ రాత్రి ఫోన్ టార్చి మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూశా, లోపల సాలెగూడులా ఎర్రటి రక్తనాళాలు, మధ్యలో నల్ల చుక్క ఒకటి కదుల్తూ. చేతులు వణికాయి, వెంటనే పెట్టేశా. రెండు గుడ్లు మాత్రం ఏమీ లేకుండా తేటగా కనబడ్డాయి.

పెట్ట రోజూ ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లని తిప్పుతుంది, అంచున చల్లబడ్డవాటిని మధ్యలోకి లాక్కుంటుంది. తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుపోతుంది. పెంకులో వేల కొద్దీ సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి ఆక్సిజన్ లోపలికి, నీటి ఆవిరి బయటికి, అందుకే 21 రోజుల్లో గుడ్డు బరువు పది పన్నెండు శాతం తగ్గుతుంది, వెడల్పు వైపున గాలి గది పెద్దదవుతుంది. పిల్ల తన ఎముకలకి కాల్షియం ఆ పెంకులోంచే తీసుకుంటుంది, చివరికి పెంకు పల్చబడి పగలడానికి వీలవుతుంది.

ఇరవయ్యో రోజు సాయంత్రం మళ్లీ వెళ్లా. చెవి గూటి దగ్గర పెట్టి విన్నా, గుడ్డులోంచి కీచ్ కీచ్, పైనుంచి తల్లి మెల్లగా జవాబిస్తోంది. అప్పటికి పిల్ల గాలి గదిలోకి ముక్కు పొడిచి మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీల్చేసింది. తర్వాత ముక్కు చివరనున్న చిన్న గట్టి బొడిపెతో పెంకుకి చిల్లు పెడుతుంది, గంటల తరబడి విశ్రాంతి తీసుకుంటుంది, మళ్లీ మెల్లగా గుండ్రంగా తిరుగుతూ పగలగొట్టుకుంటుంది. మనకి ఆత్రం ఆగదు గానీ చెయ్యి పెట్టకూడదు, ఆ టైంలో మిగిలిన పచ్చసొన కడుపులోకి లాక్కుంటూ ఉంటుంది, తొందరపడి పెంకు తీస్తే రక్తం కారి చచ్చిపోతుంది. ఆ సొన బలంతోనే రెండు మూడు రోజులు మేత లేకపోయినా బతుకుతుంది, అందుకే తల్లి వెనకబడ్డ పిల్లల కోసం గూట్లో ఆగగలుగుతుంది.

మర్నాటికి తొమ్మిది. ఒకటిన్నర రోజు ఆగి పెట్ట లేచిపోయింది, తొమ్మిదిటినీ రెక్కల కింద దాచుకుంటూ కంప సందులోంచి ఇంటివైపు. గూట్లో మిగిలిన రెండూ నేను తేటగా చూసిన గుడ్లే. పుంజుని కనుమ నాడు కోసేశారు. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు వారాల దాకా పనికొస్తుంది, ఆ తర్వాత బలం తగ్గిపోతుంది, కాబట్టి ఆ రెండూ చివర్లో పెట్టినవని నా అనుమానం, ఎప్పుడు పెట్టినవో గుర్తులు పెట్టలేదు కాబట్టి అనుమానం వరకే.

నెలన్నర దాటాక అదే తల్లి పిల్లల్ని పొడిచి దూరంగా తరమడం మొదలెట్టింది. ప్రొలాక్టిన్ ఎప్పుడో దిగిపోయి మళ్లీ గుడ్లకి సిద్ధమైంది. మొన్న పెద్దమ్మ ఫోన్లో చెప్పింది, పొద్దున్నే మళ్లీ జీడితోట వైపే ఎల్తున్నాదట. ఇది ఏప్రిల్, ఎండ ముదిరిపోయింది, ఈసారి రోజూ గుడ్డు తెచ్చి ఇంట్లో చల్లటి చోట కుండలో పెట్టమన్నా.