చేనుగట్టు మీది తుపాకీ: ఏ తూటా అన్నది ఎవరు తేల్చారు?

కార్తీకం దాటిందంటే ఉరవకొండ నుంచి విడపనకల్లు దాకా నల్లరేగడిలో పప్పుశనగ జానెడు లేచి ఉంటుంది. జింకల మందలు దిగేది అప్పుడే. తినేది కొంతే, గిట్టల కింద నలిగేదే ఎక్కువ. చేను చుట్టూ పాత చీరలు కడతారు, రేకు డబ్బాలు మోగిస్తారు, రాత్రంతా టార్చి వేసుకుని గట్టు మీద కూర్చుంటారు. తెల్లారి టీ అంగడి కాడ చేరినప్పుడు మాట ఎటు తిరిగినా చివరికి తుపాకీ దగ్గరికే వస్తుంది.

"మా నాయన కాలంలో ఒక్క ఎస్‌జీ వేస్తే వారం దాకా ఇటు తొంగిచూసేవి కావు" అంటాడు ఒకాయన. "ఎస్‌జీతో ఏమైతాదన్నా, త్రీ ఫిఫ్టీన్ ఉండాల" అంటాడు ఇంకొకాయన. ఎస్‌జీ అంటే సీసపు గోళీలు నింపిన తూటా, త్రీ ఫిఫ్టీన్ అంటే ఒక రకం రైఫిలు. ఇద్దరూ మాట్లాడేది చట్టం ఒప్పుకోని పని గురించేనని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ వాదన తెగదు.

ఈ వాదనకు పెద్ద చరిత్రే ఉంది. ఇంగ్లండులోనో అమెరికాలోనో జింక వేటకు ఏ తూటా, ఏ గుండు అన్న ప్రశ్న వస్తే, ఆ గుండు జంతువు ఒంట్లో ఏం చేస్తుందన్న దాని మీదే జవాబు తేలుతుంది. మన సీమలో అలా తేలలేదు. ఎవరి చేతిలో ఏ తుపాకీ ఉంటే సర్కారుకు నిద్ర పడుతుందన్న దాని మీద తేలింది. జింక ఎప్పుడో చివర్లో, కొద్దికాలం మాత్రమే, ఆ లెక్కలోకి వచ్చింది.

మనం తూటా, గుండు అని కలిపేసి అంటాం గానీ రెండూ వేరు. తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడిదో అట్టదో గొట్టం, అడుగున నిప్పు పుట్టించే క్యాపు, లోపల మందు, ముందు గుండు. తుపాకీ గొట్టం నుంచి బయటికి వెళ్లి తగిలేది గుండు ఒక్కటే. రైఫిలు గుండుకు లోపల సీసం, పైన రాగి మిశ్రమం తొడుగు. తొడుగు ముక్కు దాకా మూసి ఉంటే గుండు నేరుగా దూసుకుపోతుంది. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపిస్తుంటే తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. దీన్నే సాఫ్ట్ నోస్ అంటారు.

దగ్గర్నుంచి కాల్చేటప్పుడు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నలభై యాభై అడుగులు వేసే దూరంలో గుండు వేగం ఇంకా తగ్గి ఉండదు. తేలికగా ఉండి, పలచటి తొడుగుతో మహా వేగంగా వచ్చే గుండు భుజం ఎముక మీదే చితికి ముక్కలవుతుంది. పైన పెద్ద గాయం చేస్తుంది, లోపల గుండెకూ ఊపిరితిత్తులకూ చేరదు. ముక్కు మూసిన మిలిటరీ గుండుది దీనికి తలకిందుల కథ: సన్నటి బెజ్జం చేసి అవతలికి పోతుంది, జంతువు మైళ్లు పరుగెత్తి ఎక్కడో పొదల్లో చస్తుంది. అందుకే పాత వేటగాళ్లు దగ్గరి వేటకు బరువైన, నిదానమైన, ముక్కు మెత్తటి గుండునే మెచ్చుకున్నారు. 1895లో వచ్చిన అమెరికా 30-30 తూటా అడవి జింకలకు నేటికీ చలామణీలో ఉందంటే కారణం ఇదే. దాని గుండు మామూలుగా 170 గ్రెయిన్ల దాకా, అంటే 11 గ్రాములు. వేగం గొప్పదేమీ కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో దీన్ని చట్టంలోనే రాశారు: ఒకటి రెండు చిన్న జాతులు తప్ప, అక్కడ జింకను కొట్టే రైఫిలు బోరు, అంటే గొట్టం లోపలి కొలత, 0.240 అంగుళానికి తగ్గకూడదు, గొట్టం మూతి దగ్గర శక్తి 1,700 అడుగు-పౌన్లకు తగ్గకూడదు, గుండు విచ్చుకునే రకమే అయి ఉండాలి.

మన దగ్గర చట్టం పుట్టింది వేరే చోట. 1800లో నిజాం కడప, బళ్లారి సీమల్ని కంపెనీకి ధారాదత్తం చేశాక, కలెక్టరుగా వచ్చిన మన్రోకు తగిలిన మొదటి తలనొప్పి పాలెగాళ్లు, వాళ్ల కోటలు, వాళ్ల కట్టుబడి బంట్లు. ఇక్కడ కప్పం వసూలు చేయాలన్నా ముందు ఆయుధం దించాల్సిందే. కర్నూలు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో లెక్కకు మించి ఫిరంగులు, తుపాకులు, మందుగుండు దాచాడని కంపెనీ సోదా చేసింది. నవాబును తిరుచినాపల్లికి పంపించింది, రాజ్యాన్ని కలిపేసుకుంది. అంటే కర్నూలు చేతులు మారడానికి చూపించిన కారణమే మందుగుండు సామాను. ఏడేళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు. ఇన్ని చూసిన దొరతనం సీమ మనిషి చేతిలో మంచి తుపాకీని ఓర్చుకుంటుందని ఎలా అనుకుంటాం?

1878 ఆయుధాల చట్టంతో లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకీ పట్టుకోవడం దేశమంతటా నేరమైంది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో వేటకు నిబంధనలు తెచ్చింది. నల్లమలలో, శేషాచలంలో దుప్పిని, కణితిని తిని బతికినవాళ్లకు అప్పటి నుంచి వేట దొంగతనమైంది. అదే అడవిలో పర్మిటు ఉన్న దొరకు అది షికారు.

సాఫ్ట్ నోస్ గుండుకు మాత్రం మన దేశంతో దగ్గరి చుట్టరికముంది. బ్రిటిష్ సైన్యపు .303 రైఫిలు గుండు వాయవ్య సరిహద్దులో శత్రువును ఆపలేకపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో కెప్టెన్ బర్టీ-క్లే అనే అధికారి తొడుగును ముక్కు దగ్గర తెరిచి కొత్త గుండు చేయించాడు. 'డమ్‌డమ్ బుల్లెట్' అన్న పేరు ప్రపంచమంతా పాకింది. 1899 హేగ్ ప్రకటనలో యుద్ధంలో ఇలాంటి గుండ్లు వాడరాదని రాసుకున్నారు. మనిషి మీద క్రూరమని మానేసిన ఆ గుండే జంతువు మీద దయ అని వేటకు నిలిచింది. వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, ఒక్క దెబ్బకు పడిపోవడానికీ మూడు రోజులు కుంటుతూ చావడానికీ తేడా తెలిసినవాడికి ఎబ్బెట్టు కాదు.

అప్పుడే ఇంకో మలుపు. సిపాయి తుపాకీలో పట్టే తూటా బయట ఎవరి దగ్గరా ఉండరాదని సర్కారు అనుకుంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో .450 బోరు తూటాల దిగుమతిని ఆపేశారు. ఇంగ్లండులో తుపాకీలు చేసేవాళ్లు ఇండియా మార్కెట్టు పోతుందని హడావుడిగా .465, .470 లాంటి కొత్త కొలతలు కనిపెట్టారు. .303ని కూడా మామూలు జనానికి నిషేధించారు. దాని స్థానంలోకి వచ్చిందే .315. అదేమీ కొత్త సృష్టి కాదు, ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లిషర్ తూటా. ఇంగ్లండులో బీఎస్ఏ కంపెనీ ఆ కొలతతో షికారు రైఫిళ్లు చేసి ఇండియాకు పంపింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అదే కొలతను కొనసాగించింది. ఈ రోజుకూ మన దేశంలో .303 నిషిద్ధ బోరు, .315 లైసెన్సుకు దొరికే బోరు. టీ అంగడిలో ఆయన 'త్రీ ఫిఫ్టీన్' అన్నది దీన్నే.

తమాషా ఏమిటంటే ఆ .315 గుండు 244 గ్రెయిన్లు, దాదాపు 16 గ్రాములు. గుండ్రటి మెత్తటి ముక్కు, నిదానమైన వేగం. దగ్గరి వేటకు పెద్దలు ఏం కోరారో అచ్చం అదే. జింక గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, తిరుగుబాటుకు భయపడి ఎంచిన తూటా, దగ్గర దూరంలో దుప్పికి సరిగ్గా సరిపోయేదైంది. గుడ్డి గురి తగిలింది అంటే ఇదే.

కానీ అది ఎవరి చేతికి అందింది? జమీందార్లకు, అధికారులకు, పలుకుబడి ఉన్న పెద్దిళ్లకు. చేను కాచుకునే రైతుకు ఏమొచ్చిందో చూడాలంటే 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవాలి. పంట రక్షణకని నిజంగా అడిగేవాడికి మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి తోస్తే, రైఫిలుకు ఉండే గాడులు లేని నున్నటి గొట్టం తుపాకీ ఇవ్వొచ్చని ఒక వెసులుబాటు. పంట రక్షణకు రైఫిలు మాట లేదు. స్వతంత్ర దేశపు చట్టంలో కూడా రైతు 1839 నాటి గొట్టం దగ్గరే ఆగిపోయాడు.

అదృష్టం బాగుండి ఆ వెసులుబాటు దొరికినవాళ్ల ఇళ్లలోకి 12 బోరు వచ్చింది. పౌను సీసాన్ని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం లోపలి కొలత అంత. అందుకే ఆ పేరు. దాంట్లో ఎస్‌జీ తూటా వేస్తే లోపల శనగకాయ గింజంత సీసపు గోళీలు తొమ్మిది దాకా ఉంటాయి, ఒక్కోటీ సుమారు 8 మిల్లీమీటర్లు. పాతిక అడుగులు వేసే దూరంలో ఇవన్నీ గుంపుగా తగులుతాయి. యాభై దాటితే చెల్లాచెదురు. ఒకటి తొడలో, ఒకటి పొట్టలో దిగుతుంది. జింక అక్కడ పడదు. 'ఒక్క ఎస్‌జీ వేస్తే వారం దాకా రావు' అన్న మాటలో రాకపోయిన జింకలన్నీ బెదిరిపోయినవే కాదు. కంపచెట్ల కింద పడి చచ్చినవీ అందులో ఉన్నాయి. ఇది నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. వాసన పట్టుకుని మా కుక్క వంకలోకి దారి తీస్తే, కడుపు దగ్గర ఈగలు ముసిరిన ఆడజింక కనిపించింది. ఒంటి మీద ఉన్నవి రెండే బెజ్జాలు.

జింక వైపు నుంచి ఆలోచించిన చట్టం ఒక్కటే వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పట్లో వేటను పూర్తిగా మూసేయలేదు. దుప్పి, కణితి లాంటివాటిని పెద్ద వేట జాబితాలో పెట్టి లైసెన్సు మీద అనుమతించింది. ఆ లైసెన్సుదారుకు 17వ సెక్షన్ పెట్టిన షరతులు చదువుతుంటే, అడవి తెలిసినవాడెవడో పక్కన కూర్చుని రాయించినట్టుంటుంది. పెద్ద వేటకు రైఫిలే వాడాలి. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప షాట్‌గన్, అంటే నున్నటి గొట్టం తుపాకీ, పనికిరాదు, ఉన్నా ఒంటి గుండే వేయాలి. అంటే ఎస్‌జీ గోళీలకు సెలవు. జీపులో తరమరాదు, రాత్రిపూట కాల్చరాదు, లైటు వేసి కళ్లు బైర్లు కమ్మించరాదు, ఉచ్చులూ విషమూ పెట్టరాదు. గుండు జంతువును ఏం చేస్తుందన్న ప్రశ్న మన శాసనంలో అడిగింది ఇక్కడే. 1991 సవరణ వేట లైసెన్సులనే ఎత్తేసింది, వాటితోపాటే ఆ షరతులూ వెళ్లిపోయాయి. పంతొమ్మిదేళ్ల ముచ్చట.

నల్లరేగడి మీది కృష్ణజింకకు ఆ కొద్దికాలపు తలుపు కూడా తెరుచుకోలేదు. అది మొదటి నుంచీ ఆ చట్టంలో గట్టి రక్షణ ఉన్న జాబితాలో, అంటే ఒకటో షెడ్యూలులోనే ఉంది. మన రాష్ట్ర జంతువు కూడా అదే. రెండో షెడ్యూలులోని అడవిపందినైతే పంట పాడు చేస్తోందని 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతితో కాల్చడానికి దారి ఉంది. 62వ సెక్షన్ కింద కేంద్రం 'హానికర జంతువు' అని ప్రకటించనూ వచ్చు. బీహార్‌లో నీల్గాయిలకు 2015 చివర్లో అలాగే ప్రకటించారు, మరుసటి ఏడాది మొకామా దగ్గర వాటిని కాల్చారు. ఒకటో షెడ్యూలు జంతువుకు ఈ రెండు దారులూ లేవు. మనిషి ప్రాణానికి ముప్పు అయితేనో, కోలుకోలేని జబ్బో గాయమో తగిలితేనో తప్ప అనుమతి ఇవ్వడానికి లేదు. పంట నష్టం ఆ కారణాల్లో లేదు. 'మన జింకల్ని కూడా బీహార్‌లో చేసినట్టు చేయండి' అని సభల్లో అడిగేవాళ్లకు ఈ తేడా ఎవరూ విప్పి చెప్పరు.

మందలు పెరగడానికి ఈ రక్షణ ఒక్కటే కారణమనడం కూడా తొందరపాటే. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం 614 హెక్టార్ల గడ్డి మైదానాన్ని అభయారణ్యం చేశారు. పిట్ట కోసం పెంచిన గడ్డిలో జింకలు వర్ధిల్లి చుట్టుపక్కల చేలలోకి దిగాయి. ఆ ఊళ్ల రైతుల కోపం జింక మీది నుంచి అభయారణ్యం మీదికి, అక్కడి నుంచి బట్టమేక మీదికి పోయింది. పిట్ట మాత్రం అక్కడ కనుమరుగైంది. అవతల ఆదోని, ఆలూరు, ఇవతల ఉరవకొండ, వజ్రకరూరు పక్క బంజర్లు, మేత పొరంబోకులు సేద్యంలోకి వచ్చేశాయి. జింక ఎక్కడికి పోవాలి? తోడేలు కూడా దాదాపు లేకుండా పోయింది.

పట్టి తరలించమంటారు. జింక వల పడగానే భయంతో కండరాలు బిగుసుకుని చచ్చేంత సున్నితం. మధ్యప్రదేశ్‌లో 2025లో హెలికాప్టరు పెట్టి, గరాటులా కట్టిన తెర దొడ్లోకి మెల్లగా తోలి లారీల్లో అడవికి పంపారు. ఆ పద్ధతికి డబ్బు, ఓపిక రెండూ కావాలి. తూటా మాట ఎత్తితే ఈ రెండూ అక్కర్లేదనిపిస్తుంది. ఆ మాట అంత సులువుగా నోట్లోకి రావడం అందుకేనేమో.

మా తాత 12 బోరు ఒంటి గొట్టం ఇంకా ఇంట్లో ఉంది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో అప్పజెప్పి, అయిపోయాక రసీదు చూపించి తెచ్చుకోవడం తప్ప అది ఇల్లు దాటదు. లైసెన్సు పుస్తకంలో ప్రయోజనం అన్న గడిలో 'పంట రక్షణ' అని ఎవరో గుమాస్తా వంకర రాత. అటక మీద బిస్కెట్ల డబ్బాలో నాలుగు ఎస్‌జీలు మిగిలాయి. అట్ట గొట్టాలు చెమ్మకు ఉబ్బాయి, ఇత్తడి అడుగులకు చిలుం పట్టింది. పోయిన చలికాలం మా తమ్ముడు డబ్బా దించి ఒకటి చేతిలో తిప్పి చూశాడు. "ఇది పేలుతాదా?" అన్నాడు. ఏమో అన్నాను. మళ్లీ డబ్బాలో పెట్టేసి, టార్చి తీసుకుని శనగ చేను కాడికి పోయాడు.