గ్లాసుకు దక్కిన పేరు: ఫ్రెంచివాళ్ల గుండె కథ

మన ఊళ్లలో మందుషాపు బోర్డు మీద 'వైన్స్' అని రాసి ఉంటుంది. లోపల బీరు, బ్రాందీ, విస్కీ పోయినంతగా వైన్ పోదు. అయినా నలుగురు కూర్చున్న చోట ఎవరో ఒకరు అననే అంటారు: "రెడ్ వైన్ గుండెకు మంచిదంట కదా, ఫ్రాన్సులో రోజూ తాగుతారంట!"

ఈ మాట ఊరూరా పాకడం మొదలైంది 1991 నవంబరు 17న, అమెరికాలో. ఆ రాత్రి సీబీఎస్ చానల్ '60 మినిట్స్' కార్యక్రమంలో విలేకరి మోర్లీ సేఫర్ ఒక చిక్కుప్రశ్న వేశాడు. ఫ్రెంచివాళ్లు వెన్న, చీజ్ దండిగా తింటారు, అయినా గుండెపోటుతో పోయేవాళ్లు అమెరికాలో కంటే అక్కడ తక్కువ. ఎందుకు? చేతిలో రెడ్ వైన్ గ్లాసు పట్టుకుని, జవాబు ఇందులోనే ఉందేమో అన్నాడు. ఫ్రాన్సులోని లియోన్‌లో పనిచేసే పరిశోధకుడు సెర్జ్ రెనో ఆ మాటకు శాస్త్రం తోడిచ్చాడు. ఆ తర్వాత అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు అమాంతం పెరిగాయి. తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే ఏడాది జనవరిలో ఫ్రాన్స్ మద్యం ప్రకటనలకు కళ్లెం వేస్తూ ఎవాన్ చట్టం తెచ్చుకుంది.

నిజానికి ప్రశ్న చాలా పాతది. 1819లోనే ఐర్లండ్ డాక్టరు శామ్యూల్ బ్లాక్ తన దేశంలో కనిపించినంతగా ఛాతీనొప్పి రోగులు ఫ్రాన్సులో కనిపించడం లేదని రాశాడు. వాళ్ల అలవాట్లు, వాతావరణం, మనస్తత్వం కారణం కావచ్చన్నాడు.

వైన్ పేరు గట్టిగా వినిపించింది 1979లో. 18 సంపన్న దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, వైన్ ఎక్కువ తాగే దేశాల్లో గుండెజబ్బు మరణాలు తక్కువని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 1992లో రెనో, మిషెల్ ద లోర్జెరిల్ అదే పత్రికలో రాస్తూ, రోజుకు 20-30 గ్రాముల ఆల్కహాల్ ముప్పును కనీసం 40 శాతం తగ్గించవచ్చన్నారు. రక్తం గడ్డకట్టకుండా చూస్తుందని వాళ్ల వాదన.

దేశాలను పోల్చి మనుషుల గురించి తేల్చేయడంలోనే మెలిక ఉంది. 1999లో బ్రిటన్‌కు చెందిన పరిశోధకులు మాల్కం లా, నికొలస్ వాల్డ్ అసలు ఆ అంకెల్నే ప్రశ్నించారు. ఫ్రెంచి డాక్టర్లు కొన్ని గుండెజబ్బు మరణాలను వేరే ఖాతాలో రాస్తున్నారు, తేడాలో దాదాపు 20 శాతం దానిదే అన్నారు. మిగతాది కాలం సంగతి. ఫ్రాన్సులో జంతు కొవ్వు వాడకం బాగా పెరిగింది అప్పటికి కొన్నేళ్ల కిందటే, రక్తనాళాలు పూడుకుపోవడానికి దశాబ్దాలు పడుతుంది. అంటే బిల్లు అప్పటికింకా రాలేదన్నమాట. దీనితో అందరూ ఒప్పుకోలేదు గానీ, నాకు మాత్రం గ్లాసు కథకన్నా ఇదే నమ్మబుద్ధేస్తుంది.

ఇంకో లొసుగు కూడా ఉంది. తాగనివాళ్ల లెక్కలో, జబ్బు చేసి తాగుడు మానేసినవాళ్లూ కలిసిపోతారు. వాళ్ల పక్కన మితంగా తాగేవాళ్లు ఆరోగ్యంగా కనబడక ఏం చేస్తారు?

ఆ తర్వాత ద్రాక్షతొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం వంతు వచ్చింది. ఎలుకల మీద ఫలితాలు చూసి ఆశలు ఆకాశాన్నంటాయి. దాని వెంటపడ్డ సర్‌ట్రిస్ అనే చిన్న కంపెనీని 2008లో గ్లాక్సో అనే పెద్ద ఔషధ కంపెనీ 72 కోట్ల డాలర్లకు కొని, 2013లో మూసేసింది. ఎలుకలకిచ్చిన మోతాదు వైన్ నుంచి అందాలంటే గ్లాసులు కాదు, పీపాలు కావాలి. 2014లో ఇటలీలోని కియాంతీ ప్రాంతంలో, అంటే వైన్‌కు పేరుపడ్డ చోటే, 65 దాటిన 783 మందిని పరిశీలించారు. ఒంట్లో రెస్వెరట్రాల్ ఎక్కువున్నవాళ్లకు గుండె విషయంలో గానీ, ఆయుష్షులో గానీ ఒరిగిందేమీ లేదు.

విచిత్రంగా, గ్లాసు కన్నా కంచం గొప్పదని చూపిన పరిశోధనలోనూ రెనో ఉన్నాడు. లియోన్‌లో ఒకసారి గుండెపోటు వచ్చిన 605 మందిలో సగంమందికి రొట్టె, కూరగాయలు, పళ్లు పెంచి, వెన్న బదులు ప్రత్యేకంగా చేయించిన మార్గరిన్ (నూనెతో చేసే వెన్నలాంటిది) ఇచ్చారు. వాళ్లలో మళ్లీ గుండెపోటు ముప్పు సగానికి పైగా తగ్గింది. ఆ మార్గరిన్ డబ్బాను టీవీలో పైకెత్తి చూపినవాళ్లెవరూ లేరు.

కంచం సంగతికి వస్తే, మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ బృందం పారిస్‌లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో హోటళ్లలో వడ్డించే పరిమాణాలు తూచింది. ఫిలడెల్ఫియాలో సగటున పాతిక శాతం ఎక్కువ. మెక్‌డొనాల్డ్స్‌లో కూర్చుని టైమ్ చూస్తే, ఫిలడెల్ఫియావాళ్లు 14 నిమిషాల్లో లేచిపోయారు. పారిస్‌వాళ్లు తక్కువ తింటూ 22 నిమిషాలు కూర్చున్నారు.

బ్లాక్ డాక్టరు వేసిన పోలికను కూడా మళ్లీ పరీక్షించారు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లోనూ, ఫ్రాన్సులోని లిల్, స్ట్రాస్‌బర్గ్, తులూజ్‌లలోనూ దాదాపు 10 వేలమంది 50-59 ఏళ్ల మగవాళ్లను పదేళ్లు గమనించి 2010లో ఫలితాలు వేశారు. వారం మొత్తం మీద తాగేది ఇద్దరిదీ పెద్ద తేడా లేదు. ఫ్రెంచివాళ్లు భోజనంతో రోజూ కొంచెం పుచ్చుకుంటే, బెల్‌ఫాస్ట్‌వాళ్లు శనివారం వచ్చేదాకా ఆగి ఒక్కసారే పట్టించేవాళ్లు. ఒకేసారి అతిగా తాగేవాళ్లకు ముప్పు దాదాపు రెట్టింపు. అలా తాగడం ప్రమాదమని ఇది చెబుతుంది గానీ, కొంచెం తాగితే మేలని తేల్చదు.

1960 ప్రాంతంలో ఫ్రెంచివాళ్లు తలకు ఏడాదికి 100 లీటర్లకు పైగా వైన్ తాగేవాళ్లు. ఇప్పుడది సగం కూడా లేదు. ఈలోగా గుండెజబ్బు మరణాలు పెరగలేదు సరికదా, ఇంకా తగ్గాయి. అక్కడి ప్రజారోగ్య సంస్థ ఇప్పుడు జనానికి చెబుతున్నది: రోజుకు రెండు గ్లాసులు దాటొద్దు, అదీ రోజూ వద్దు.