ముందు ఊపిరి, ఆ తర్వాతే చేపలు

చిరంజీవులకు ఆశీస్సులు.

స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి కింద ఈదడం, నేర్చుకుని పగడపు దిబ్బలు చూసి రావాలని ఉందని రాశారు. మీ ఉత్తరం నిండా చేపల గురించే ప్రశ్నలు. ఊపిరి సంగతి ఒక్క ముక్క కూడా లేదు. అందుకని నేను దాంతోనే మొదలుపెడతాను, చేపలు కాసేపు ఆగుతాయి.

సముద్ర మట్టం దగ్గర గాలి మనల్ని సుమారు ఒక బార్ ఒత్తిడితో నొక్కుతుంటుంది. నీళ్లలో దిగే ప్రతి 10 మీటర్లకూ ఇంకో బార్ కలుస్తుంది. అంటే 10 మీటర్ల లోతున రెండు, 20 మీటర్ల దగ్గర మూడు. ఒత్తిడి రెండింతలైతే గాలి సగం చోటులోకి కుదించుకుపోతుంది, పైకి వస్తుంటే మళ్లీ ఉబ్బుతుంది. 10 మీటర్ల లోతున నిండా పీల్చి, బిగబట్టి పైకి వచ్చారనుకోండి. ఆ గాలి రెండింతలవబోతుంది, ఊపిరితిత్తుల్లో అంత చోటుండదు. అవి చిరిగి గాలి బుడగలు రక్తంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, ఒకటి రెండు మీటర్లలోనే జరగొచ్చు. అందుకే సిలిండర్ గాలి పీలుస్తున్నంత సేపూ ఊపిరి బిగబట్టకూడదు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోయినా సరే, దాన్ని వెతికి పట్టుకునేదాకా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. కాదు, మనం రోజూ పీల్చే గాలినే వడగట్టి, ఒత్తి నింపుతారు. 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్లకు నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. రెగ్యులేటర్‌లో రెండు భాగాలుంటాయి. సిలిండర్ మెడకు బిగించేది ఆ భారీ ఒత్తిడిని బాగా తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకునేది మీరు పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలినిస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా కలిసి రూపొందించిన పరికరం కీలకం ఇదే.

ఇప్పుడొక లెక్క. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 10 మీటర్ల లోతున 40, 20 మీటర్ల లోతున 60 లీటర్లు ఖర్చవుతాయి. 50 బార్లు మిగిలుండగానే పైకి చేరాలి కాబట్టి వాడుకోవడానికి ఉన్నది 1,650 లీటర్లు. పది మీటర్ల దగ్గర నలభై నిమిషాలు, ఇరవై దగ్గర ఇరవై ఏడు. కంగారుపడి గబగబా పీలిస్తే అందులో సగమే. పగడాలకు వెలుతురు కావాలి కనుక చూడదగ్గవి చాలావరకు పైపైనే ఉంటాయి. లోతుకు వెళ్లామని గొప్పలు చెప్పుకునేవాళ్ల మాట పట్టించుకోకండి. స్కూబా శిక్షణ ఇచ్చే పాడీ సంస్థ పద్ధతి ప్రకారం 10 ఏళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు. 10, 11 ఏళ్లవాళ్లు తల్లిదండ్రులతోనో శిక్షకులతోనో 12 మీటర్లు దాటకుండా దిగాలి.

దిగుతున్నప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. నొప్పి పుట్టేదాకా ఆగకుండా మీటరు మీటరుకూ చేస్తూ పోవాలి. నొప్పి వచ్చిందా, ఇంకా గట్టిగా ఊదకండి, కర్ణభేరి చిరుగుతుంది. ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. జలుబు చేసిన రోజున దిగకపోవడమే మంచిది.

తేలడం కూడా ఊపిరితోనే. తొడుక్కున్న జాకెట్‌లో గాలిని సరిచూసుకున్నాక, నిండా పీలిస్తే కాస్త పైకి లేస్తారు, వదిలితే కిందికి దిగుతారు. కొత్తవాళ్లు నడుముకు బరువులు ఎక్కువ కట్టుకుంటారు. దాంతో కాళ్లు కిందికి వేలాడి, పాదాలకు తొడుక్కునే ఫిన్స్ పగడాలకు తగులుతాయి, లేచిన ఇసుక వాటి మీద పడుతుంది. ఒళ్లు బల్లపరుపుగా ఉంచి, చేతులు ముడుచుకుని, కప్ప ఈదినట్టు కాళ్లు పక్కలకు కదపండి.

ఈ జాగ్రత్తంతా ఎందుకంటే, మీకు రంగు రాయిలా కనిపించేది నిజానికి పాలిప్స్ అనే బుల్లి జంతువుల గుంపు. చాలా జాతుల్లో ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్లే. అవి తమ కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతాయి. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు, ఎండతో ఆహారం తయారుచేసి, అందులో ఎక్కువ భాగం పగడానికే ఇస్తాయి. రంగు కూడా చాలావరకు వాటిదే. నీరు మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ శైవలాలను బయటికి పంపేసి తెల్లబడుతుంది. వెంటనే చావదు, ఆకలితో ఉంటుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకోగలదు. 1998లోనూ 2016లోనూ ప్రపంచంలో చాలా చోట్ల ఇలా తెల్లబడ్డాయి. గుండ్రటి దిబ్బ పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మీ ఫిన్ ఒక్కసారి తగిలి విరిగేది ఎన్నేళ్ల పెరుగుదలో మీరే లెక్కేసుకోండి.

ఇక చేపలు. సీ అనిమోనీ అనే పువ్వులాంటి సముద్ర జంతువు కొసలు కుట్టే విషంతో ఉంటాయి, ఒంటి మీది జిగురు పొర వల్ల క్లౌన్ ఫిష్‌కు ఏమీ కాదు. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది పోతే దాని జోడీ మగచేపే ఆడదిగా మారుతుంది. కరకరమని చప్పుడు వినిపిస్తే చిలక చేప సున్నపు రాతిని కొరుకుతోందని అనుకోవచ్చు. నాచు అరిగించుకుని, పొడైన రాతిని ఇసుకగా విసర్జిస్తుంది. ఉష్ణమండల తీరాల్లో మీరు మురిసిపోయే తెల్ల ఇసుకలో దాని పెంట బాగానే ఉంటుంది! మోరే ఈల్ నోరు తెరిచి మూస్తుంటే బెదిరిస్తోందనుకోకండి, అది ఊపిరి తీసుకునే పద్ధతి అంతే. అలాగని దాని బొరియలో చెయ్యి పెట్టకూడదు.

టైటన్ ట్రిగ్గర్ ఫిష్‌తో జాగ్రత్త. ఇసుకలో గుడ్లు పెట్టినప్పుడు మనుషుల మీదికి కూడా వస్తుంది. అది కాపలా కాసే చోటు గూటి నుంచి పైకి గరాటులా వెడల్పవుతుంది. పైకి పారిపోతే ఇంకా దాని హద్దులోనే ఉంటారు, పక్కకు ఈదండి. స్టోన్ ఫిష్ అచ్చం రాయిలా పడి ఉంటుంది, వీపు ముళ్లలో విషం. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఆ చోటు ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అందమైన శంకు ఆకారపు గవ్వలను ఏరుకోవద్దు, లోపలి నత్త విషపు పన్ను విసురుతుంది.

బొటనవేలు పైకి చూపిస్తే నీటి కింద "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. పైకి రావడం నిమిషానికి 9 మీటర్లు మించకూడదు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి, తొందరపడితే అది బుడగలు కడుతుంది. ఆ తర్వాత విమానం ఎక్కాలంటే, ఒక్కసారే దిగితే కనీసం 12 గంటలు, పలుసార్లు దిగితే 18 గంటలు ఆగాలి. పైకి వచ్చాక కీళ్ల నొప్పులు, తిమ్మిరి, విపరీతమైన అలసట ఉంటే మర్నాటి డైవ్ పోతుందని దాచిపెట్టకండి, వెంటనే శిక్షకులకు చెప్పండి. వాళ్లు ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి తీసుకెళతారు.

ఇట్లు,
మీ తాతయ్య